ఎడమకు కుంగిన కారు

నా కారు వస్తుంటే మా ఊళ్లో ముసలివాళ్లు లేచి నిలబడేవాళ్లు. దగ్గరికొచ్చాక స్టీరింగు ముందు నన్ను చూసి మళ్లీ కూర్చునేవాళ్లు. అనవసరంగా మోకాళ్లు నొప్పించానని కాబోలు, కొందరు పక్కకు తిరిగి ఉమ్మేసేవాళ్లు కూడా. నాలుగేళ్ల పైన ఆ కారు నడిపాను. ఊరికి పోయిన ప్రతిసారీ ఈ లేవడం, ఈ కూర్చోవడం చూశాను. నాలుగు రోజులైతే అలవాటవుతుందిలే అనుకున్నాను. కాలేదు.

ఆ కారు అంతకుముందు మా ఊరి పటేలుది. ఆయనకంటే ముందు హైదరాబాద్‌లో ఏదో కంపెనీ పెద్దాఫీసరుదట. పొడుగాటి తెల్ల కారు. డాష్‌బోర్డుకు కర్రలాగా కనిపించే ప్లాస్టిక్కు, వెనక తలుపులో సిగరెట్టు బూడిదకు చిన్న గిన్నె, వెనక అద్దానికి మడతల పరదా. ముందు సీటు నడిపేవాడి కోసం, వెనక సీటు మనిషి కోసం చేసిన బండి అది. పటేలు పన్నెండేళ్లు వెనక సీట్లో, ఎడమ పక్కనే కూర్చుని తిరిగాడు. ఆ పన్నెండేళ్లూ పొద్దున్నే లేచి దాన్ని కడిగింది మా బాపు.

బాపు ఎనిమిదేళ్ల వయసులో పటేలు ఇంట్లో జీతానికి కుదిరాడు. పశువులు, పొలం, బావి, ఆ తర్వాత మోకాళ్లు అరిగాక కారు. మాది దళితవాడ. ఊరికి పడమట చిన్న చర్చి, దాని వెనక నలభై ఇళ్లు. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాను. సిరిసిల్ల హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ని. సమానత్వపు హక్కు పాఠం ఏటా చెప్పాను. పిల్లలు బట్టీపట్టి రాశారు, నేను మార్కులు వేశాను.

తెలంగాణ ఉద్యమం మళ్లీ అంటుకున్న ఏడాది పటేలు కొడుకు ఎత్తయిన కొత్త బండి తెచ్చాడు. పాతది దొడ్లో చింతచెట్టు కింద నిలబడిపోయింది. నేను పండుగకు ఊరికి పోతే పటేలు పిలిపించాడు. "కొంటవార? నీకైతే అగ్గువకే ఇస్త. మీ అయ్య చేతుల పెరిగిన బండి," అన్నాడు. ఆ మాట ఆయన ప్రేమగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ఎక్కువ మండుతుంది. కొత్త స్కూటరు ధరకు కాస్త పైన పెడితే కారు వస్తోంది. కానీ నేను కొన్నది అగ్గువని కాదు. పన్నెండేళ్లు కడిగిన మనిషి ఒక్కరోజైనా అందులో కూర్చోలేదు. వెనక సీట్లో, ఆ ఎడమ పక్క, బాపును కూర్చోబెట్టి ఊరి మధ్య నుంచి పటేలు ఇంటి ముందుగా జగిత్యాల దాకా తీసుకుపోవాలి. నాకు కావలసింది అంతే.

కొన్న రోజే మా వాడకు తీసుకుపోయాను. బాపు నా చెల్లెలి ఇంట్లో ఉండేవాడు, చెల్లెల్ని అదే ఊళ్లో ఇచ్చాం. గడప ముందు కూర్చుని పగ్గం పేనుతున్నాడు. నేను హారన్ కొట్టాను. అక్కడే తప్పు చేశాను. ఆ హారన్ రెండు గొంతులతో మోగేది, మండలం మొత్తానికి తెలుసు. బాపు తలెత్తకుండానే లేచాడు. చెప్పులు పక్కకు విడిచాడు. భుజం మీది తువ్వాల చంకలోకి పోయింది. ఈ మూడూ ఒక్క క్షణంలో అయిపోయాయి. చూపు నేల మీదే ఉంది.

నేను దిగి "బాపూ, నేనే," అన్నాను.

ఆయన నన్ను చూసి, నా వెనకున్న సీటు చూశాడు. "పటేలేడిరా?"

"పటేలు లేడు బాపు. బండి కొన్న."

"ఎవలు కొన్నరు?"

"నేనే."

బండిని చక్రాల నుంచి పైదాకా చూశాడు. తర్వాత "దేనికి?" అని అడిగాడు.

నిన్ను కూసోవెట్టనీకి అని చెప్పాలి. దారి పొడుగునా ఆ మాట నోట్లో అనుకుంటూనే వచ్చాను. చుట్టూ వాడంతా చేరింది, సిగ్గేసింది. "తిరగనీకి," అన్నాను.

బాపు లోపలికి పోయి బకెట్ నీళ్లు, పాత లుంగీ గుడ్డ తెచ్చాడు. "దుమ్ము పట్టింది. పటేలు చూస్తె తిడ్తడు," అని టైర్ల నుంచి మొదలుపెట్టాడు. వాడలో ఎవరో పకపకా నవ్వారు. కడగడం అయ్యాక తలుపు తీసి "ఎక్కు బాపు, చర్చి దాకా పోయొద్దాం," అని బతిమాలాను. "కడిగినంక ఎవలన్న ఎక్కుతర్రా? కాళ్ల మన్ను అంటది," అన్నాడు. నేను నెమ్మదిగా నడుపుతుంటే చర్చి దాకా పక్కనే నడుచుకుంటూ వచ్చాడు, చేత్తో బానెట్టు మీది తడి తుడుస్తూ.

ఒక నిజం కూడా చెప్పాలి. జనం లేచి నిలబడే ఆ మొదటి క్షణం, నన్ను గుర్తుపట్టక ముందటి క్షణం, నాకు బాగుండేది. వెనక సీటు మీద పటేలు పరిచిన తెల్ల టర్కీ తువ్వాల అలాగే వచ్చింది. ఆఫీసర్ల కార్లలో ఉంటుందే, అలాంటిది. నా భార్య దాన్ని ఇల్లు తుడవడానికి తీస్తే వద్దన్నాను. ఉతికించి మళ్లీ పరిచాను. ఎందుకని ఆమె అడిగింది. సీటు పాడవకుండా అన్నాను. ఆమె నా ముఖం చూసి వేరే గుడ్డ వెతుక్కుంది.

ఆ బండిని మేపడం నా జీతానికి మించిన పని. పెట్రోలు నీళ్లలా తాగేది. అందుకని రోజూ జగిత్యాల నుంచి మల్యాల మీదుగా సిరిసిల్లకు బస్సులోనే పోయేవాణ్ని. "కారున్న సారు బస్సుల అత్తాండు," అని కండక్టరు ఎకసెక్కాలాడేవాడు. శనివారం సాయంత్రం, ఆదివారం మాత్రం కారు తీసేవాణ్ని. ఆ రెండు రోజుల్లో ఒకటి కోరుట్లలో మెకానిక్ దగ్గరే గడిచేది.

ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ముసలి ముస్లిం, తెల్ల గడ్డం, నూనె మరకల బనీను. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు, బోల్టు బిగుసుకుపోతే రెండూ. మొదటిసారి పోయినప్పుడు దూరం నిలబడి, కళ్లు చికిలించి కారును చూశాడు. "ఎడమ దిక్కు కుంగింది సారూ," అన్నాడు. నిజమే, వెనక ఎడమ వైపు రెండు వేళ్ల మందం కిందికి దిగి ఉంది.

"స్ప్రింగు పోయిందా?"

"పోలే. ఒక్క దిక్కే పన్నెండేండ్లు గంత పెద్దమనిషి కూసుంటె ఇనుము గూడ వంగుతది. గిది బీమారీ కాదు సారూ, ఆదత్. అలవాటు."

కొత్త స్ప్రింగు ఈ మోడలుకు దొరకదు, హైదరాబాద్‌లో పాత సామాను బజారులో వెతకాలన్నాడు. రెండుసార్లు తెప్పించి వేశాడు. నెల తిరక్కుండా మళ్లీ కుంగింది. అద్దాలు తలుపులోకి జారిపోయేవి, వాటికి అట్టముక్కలు చెక్కాడు. ఏసీ వేడిగాలి కొట్టేది, దాని తీగే పీకేశాడు. ఒక్కటి మాత్రం ఆయన చేతికి లొంగలేదు. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. తలుపు విప్పి చూసి ఉస్తాద్ నవ్వాడు. లోపలి పిడి కొత్తదానిలాగే ఉంది, అరగనే లేదు. పన్నెండేళ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పటేలు దిగాలంటే ఎవరో ఒకరు బయట నుంచి తలుపు తీసేవాళ్లు. వాడక తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. "ఇప్పుడు ఎవ్వలు కూసున్నా నువ్వే దిగి తలుపు తియ్యాలె సారూ," అన్నాడు.

ఆయనకు నా సంగతి మొత్తం తెలుసు. ఎందుకు కొన్నానో ఆయనొక్కడికే చెప్పాను. పోయిన ప్రతిసారీ ముందు చాయ్ చెప్పి, తర్వాత అడిగేవాడు. "మీ అబ్బా ఎక్కిండా?"

"ఎక్కలేదు."

"ఎక్కుతడు, ఎక్కుతడు," అనేవాడు, బానెట్టు ఎత్తుతూ.

ఆ తలుపు నన్ను ఎన్ని పాట్లు పెట్టిందో. సిరిసిల్లలో తోటి టీచరు బిడ్డ పెళ్లి. హెడ్మాస్టరు నా కారులో వస్తానన్నాడు. సహజంగానే వెనక ఎడమ పక్క కూర్చున్నాడు, ఆ సీటు మనుషుల్ని అలా లాగేది. ఫంక్షన్ హాలు ముందు ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాను. అత్తరు చల్లే మనిషి హెడ్మాస్టరుకు చల్లి, నాతో "డ్రైవర్లకు ఎనుక షెడ్డు కింద పెడుతుండ్రు, గిట్ల పో," అన్నాడు. హెడ్మాస్టరుకు వినబడింది. ఆయన వినబడనట్టు లోపలికి పోయాడు. నేను టీచర్ను అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పంతం పట్టి షెడ్డు కిందికే పోయి, డ్రైవర్లతో కూర్చుని తిన్నాను. కూర బాగుంది. ఒక డ్రైవరు "మీ సారు మంచోడేనా?" అని అడిగాడు. "కాడు," అన్నాను. అందరూ నవ్వారు.

ఉద్యమం పెరిగేకొద్దీ నా కారుకు గిరాకీ పెరిగింది. జగిత్యాలలో ఊరేగింపు అంటే కారు కావాలి, కోరుట్లలో సభ అంటే కారు కావాలి. నంబరు ప్లేటు మీద ఏపీ గీకించి టీజీ రాయించాను, అందరిలాగే. కమిటీ వాళ్లు వెనక కూర్చునేవాళ్లు, నేను నడిపేవాణ్ని, దిగి తలుపు తీసేవాణ్ని. ఏం బాధ లేదు. నిజంగా లేదు. అప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారని చూసే మనసు కాదు నాది. మన ఉద్యోగాలు, మన నీళ్లు, మన భాష అని గొంతు పోయేలా అరిచాను. క్లాసులో ఏటా ఊరికే చెప్పిన పాఠం రోడ్డు మీదకు వచ్చిందనుకున్నాను.

ఒకరోజు మేడిపల్లి దగ్గర నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టాం. రాళ్ల పొయ్యిలు, పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు. రోడ్డుకు అడ్డంగా ఒకే వరుసలో కూర్చుని తిన్నాం. నా పక్కన పటేలు కొడుకు కూర్చున్నాడు. నా విస్తరిలో పప్పు అయిపోతే తనే గరిటె అందుకుని వేశాడు. మా వాడవాళ్లు ఆ ఇంట్లో దోసిలి పట్టి నీళ్లు తాగిన కాలం నాకు గుర్తుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల కాదు. తిని లేచి చేతులు కడుక్కుంటూ అతను నా కారు మీద చరిచాడు. "మన పాత బండి మంచిగనే ఉంచినవ్‌ర," అన్నాడు. మన. నాకంటే పదేళ్లు చిన్నవాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా ముఖం మీద ఎక్కడో అంటుకునే ఉంది.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూశాం, బస్సులు డిపోల్లో నిలిచాయి. నేను ఇంట్లోనే ఉంటున్నాను. ఒక ఉదయం చెల్లెలు ఫోన్ చేసింది. బాపుకు రాత్రి నుంచి మూత్రం బంద్ అయింది, కడుపు రాయిలా ఉబ్బింది, పండ్లు బిగబట్టి కూర్చున్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే మరో చోట ఉంది, ఆలస్యమవుతుందన్నారట. డబ్బాలో ఉన్న పెట్రోలు పోసుకుని బయల్దేరాను. పొద్దున్నే కాబట్టి దారిలో ఎవరూ ఆపలేదు.

నేను చేరేసరికి బాపు గోడకు తల ఆనించి ఉన్నాడు. ముఖమంతా చెమట. నేనూ చెల్లెలి భర్తా చెరో రెక్క పట్టుకుని లేపాం. వెనక తలుపు తీశాను. ఆ స్థితిలో కూడా బాపు ఆగాడు. సీటు మీది తెల్ల తువ్వాలను తీసి, మడిచి, వెనక అద్దం దగ్గర పెట్టాడు. తన భుజం మీది తువ్వాల తీసి సీటు మీద పరిచాడు. దాని అంచున, సగం గాలిలో కూర్చున్నాడు.

"పండుకో బాపు, నొప్పి తగ్గుతది."

"వద్దుర. సీటు కరాబైతది."

"నా సీటే గద బాపు!"

"కానియ్, నడుపు."

చెల్లెలి భర్త వస్తానంటే వద్దన్నాను, ఇంట్లో పసిపిల్ల ఉంది. ఊరి మధ్య నుంచి, పటేలు ఇంటి ముందు నుంచే పోయాను. వేరే దారి లేదు. నేను రెండేళ్లుగా కోరుకున్నది అదే. వెనక సీట్లో బాపు, ఎడమ పక్క. అద్దంలో చూశాను. పటేలు ఇల్లు రాగానే తల వంచి ముఖం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నొప్పికో, కనబడకుండానో నాకు తెలియదు.

మేడిపల్లి దగ్గర మెయిన్ రోడ్డు ఎక్కేసరికి ఎద్దుబండి అడ్డం పెట్టి, టైర్లు కాలుస్తున్నారు. యాభై అరవై మంది యువకులు. మా ఊరివాళ్లెవరూ లేరు, అంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మెడలో కండువా ఉన్న ఒకడు వచ్చి అద్దం మీద కొట్టాడు. పేషెంటు ఉన్నాడు, జగిత్యాల దవాఖానకు పోవాలి అన్నాను.

"అంబులెన్సులనే ఇడుస్తున్నం. పొద్దటి సంది అచ్చినోల్లందరు పేషెంట్లే," అన్నాడు. వాడిదీ తప్పు కాదు, ముందు పోయినవాళ్లు అలా అబద్ధాలాడారు. వంగి వెనక్కి చూశాడు. బాపు నిటారుగా, సీటు అంచున, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "గాయన మంచిగ కూసోనే ఉన్నడు. పేషెంటేంది?"

పడుకుని ఉంటే నమ్మేవాళ్లు. పటేలు సీటు పాడవుతుందని పడుకోని మనిషి జబ్బు మనిషిలా కనబడలేదు.

నేను దిగాను. నేను టీచర్ను, సమ్మెలో ఉన్నాను, జగిత్యాలలో జరిగిన ప్రతి ఊరేగింపుకూ ఈ కారే తిప్పానని చెప్పాను. గొంతు పెంచాను. ప్లేటు మీద టీజీ చూపించాను. "టీజీ అందరికున్నది," అన్నాడు ఒకడు. ఇంకొకడు నా చొక్కా పట్టుకుని వెనక్కి నెట్టాడు. లోపల బాపు అవ్వా అని మూలిగాడు. డెబ్బై దాటిన మనిషి, మా అమ్మ పోయిన రోజు కూడా నోరు తెరవని మనిషి, నలుగురి ముందు అవ్వా అన్నాడు.

అప్పుడు రోడ్డు పక్కన కూర్చున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. నిలబడి, చెప్పులు విడిచి, "అరే, అది పటేలు బండిరా," అన్నాడు.

కండువా వాడు మా ఊరి పేరు చెప్పి, "ఆ ఊరి పటేలుదా?" అని నన్ను అడిగాడు. గొంతు మారింది. "వాల్ల కొడుకు మన కమిటీల ఉన్నడు గద. పటేలు బండేనా ఇది?"

నా బండి అని చెప్పొచ్చు. కాగితాలు నా జేబులో ఉన్నాయి, నా పేరు మీద, ఆర్టీవో ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగి మార్పించుకున్న కాగితాలు. అద్దంలోంచి బాపు నన్నే చూస్తున్నాడు.

"ఔ," అన్నాను. "పటేలు బండే."

"మరి నువ్వెవలు?"

"డ్రైవర్ను."

"గాయన?"

"పటేలు ఇంట్ల జీతమున్నోడు. దవాఖానకు తీస్కపొమ్మని పటేలే పంపిండు."

"గా మాట ముందుగాల చెప్పద్దా అన్నా," అని వాడు నా చొక్కా నలిగినచోట సర్దాడు. ఇద్దరు ఎద్దుబండి కాడి ఎత్తి పక్కకు జరిపారు. ఒకడు కాలుతున్న టైరును కర్రతో నెట్టాడు. "జై తెలంగాణ," అన్నారు. "జై తెలంగాణ," అన్నాను నేను కూడా. ముసలాయన మేం దాటేదాకా నిలబడే ఉన్నాడు. ఈసారి కూర్చోలేదు.

గేరు మార్చడం మరిచిపోయి కొంత దూరం అలాగే పోనిచ్చాను. బాపు ఒక్క మాట తిడితే బాగుండు, కన్నతండ్రిని జీతగాడన్నవ్ కదరా అని వెనక నుంచి తల మీద ఒక్కటి వేస్తే బాగుండు అనుకున్నాను. చివరికి ఆయనే మాట్లాడాడు.

"గట్ల ముందే చెప్పరాదుర? గింతసేపు ఆపకపోదురు."

కోపం లేదు ఆ గొంతులో. తప్పు తెలియని కొడుక్కి పని నేర్పుతున్నట్టు అన్నాడు. అద్దంలో చూశాను. బాపు వెనక్కి జరిగాడు. నడుము సీటుకు ఆనించి, తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు. కొడుకు కారులో కూర్చోలేకపోయిన మనిషి, పటేలు పంపాడన్న మాట విన్నాక కుదురుగా కూర్చున్నాడు. జగిత్యాల వచ్చేదాకా అలాగే ఉన్నాడు. అంత కసి నాకు ఎవరి మీదా ఎప్పుడూ పుట్టలేదు, అది ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోయాను. పటేలు మీదనా, ఆ పిల్లల మీదనా, బాపు మీదనా, లేక ఒక్క మాట అడగ్గానే అంత తేలిగ్గా డ్రైవర్నయిపోయిన నా మీదనా.

దవాఖాన ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాను. అక్కడి మనిషి స్ట్రెచర్ తెస్తూ "ఎవల బండి?" అని అడిగాడు. నేను బాపు రెక్క పట్టుకుని దింపాను. లోపల గొట్టం వేశారు. పది నిమిషాల్లో బాపు ముఖం మామూలైంది. మంచం మీద పడుకుని, నా చెయ్యి పట్టుకుని, "పటేలుకు ఫోన్ చేసి చెప్పు, మంచిగయ్యిందని," అన్నాడు. అది నేను చెప్పిన అబద్ధమని ఆయనకు తెలుసు, తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా అన్నాడు.

ఆ తర్వాత కోరుట్ల పోయినప్పుడు ఉస్తాద్ చాయ్ చెప్పి అడిగాడు. "అబ్బా ఎక్కిండా?"

"ఎక్కిండు," అన్నాను.

ఆయన సంతోషపడి తన గల్లాలోంచి డబ్బు తీసి పనివాడితో మిఠాయి తెప్పించాడు. షెడ్డులో అందరికీ పంచాడు. నాకూ ఒక ముక్క పెట్టాడు. తిన్నాను.

బాపును మళ్లీ ఊరికి పంపలేదు, మా దగ్గరే ఉంచుకున్నాం. గొట్టం తీశాక కాస్త తేరుకున్నాడు. పొద్దున్నే బకెట్టుతో వాకిట్లోకి పోయి కారు కడిగేవాడు. వద్దని నేను అరిస్తే, నేను బాత్రూంలోకి పోయినప్పుడు కడిగేవాడు. ఎక్కమంటే మాత్రం ఎక్కలేదు. ఆస్పత్రికి చూపించుకోవడానికి ఆటోలో పోయేవాడు. నేను పక్కన కూర్చునేవాణ్ని.

రాష్ట్రం వచ్చింది. ఊళ్లో విజయోత్సవ ఊరేగింపు పెట్టారు. పటేలు కొడుకు ఫోన్ చేశాడు. "మన పాత బండి తీస్కరా, పూలు కట్టించినం. బాపును ఎనుక కూసోవెట్టి తిప్పుతం, ఊరోల్లకు ముచ్చట," అన్నాడు. వాళ్ల బాపును. నేను తీసుకుపోలేదు. బండి స్టార్టు కావడం లేదని చెప్పాను. నిజానికి ఆ ఉదయం అది ఒక్క తాళానికే స్టార్టయింది. జగిత్యాల వీధుల్లో రంగులు చల్లుకుంటున్నారు, డప్పులు మోగుతున్నాయి. నేనూ సంతోషించాను, కాదనను. అయితే ఇంట్లో కూర్చుని సంతోషించాను.

తర్వాతి వారమే కారును కోరుట్ల తీసుకుపోయాను. ఉస్తాద్‌తో "విడగొట్టు, ఏ ముక్కకు ఆ ముక్క అమ్ముకో," అన్నాను. ఆయన చాలాసేపు బతిమాలాడు, ఇంజను మంచిదే, ఇంకో రెండేళ్లు పోతుందన్నాడు. నేను వినలేదు. వాళ్లు తలుపులు విప్పుతుంటే దగ్గరే నిలబడ్డాను. వెనక ఎడమ తలుపు లోపలి పిడి, ఒక్కసారి కూడా వాడని పిడి, అడిగి తీసుకున్నాను. అది ఇప్పటికీ నా టేబులు సొరుగులో ఉంది. తెల్ల తువ్వాలను అక్కడే చేతులు తుడుచుకోవడానికి ఇచ్చేశాను.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చాను. బాపు వాకిట్లో కారు ఉండే చోట నిలబడి ఉన్నాడు. నేల మీద నూనె మరక చూస్తున్నాడు.

"బండేదిరా?"

"అమ్మేసిన బాపు."

ఆయన ముఖంలో భయం కనిపించింది. నా చిన్నప్పుడు పటేలు ఇంట్లో గ్లాసు పగిలితే కనిపించిన భయమే. దగ్గరికొచ్చి, పక్కింటివాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"పటేలునడిగినవా?"

రాష్ట్రం వచ్చి వారం దాటింది. నేను ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. అది నా కారని, నా డబ్బని, ఎవరినీ అడగాల్సిన పని లేదని అరవాలనుకున్నాను. బాపు వీధి దిక్కే చూస్తున్నాడు, పటేలు వస్తున్నట్టు. ఆ వయసులో ఆ భయం చూస్తూ ఎలా నిలబడను?

"అడిగిన బాపు," అన్నాను. "అమ్ముకొమ్మన్నడు."

"గట్లనా," అని ఊపిరి వదిలి, బాపు లోపలికి పోయి పడుకున్నాడు.